కనెక్టివ్ టిష్యూ స్లయిడ్ల పెట్టె: పన్నెండింటిలో ఆరు కొనదగ్గవి

ముందే తేల్చి చెప్పేస్తే, పన్నెండు స్లయిడ్ల ఈ పెట్టెలో ఆరు బాగున్నాయి, మూడింటితో సర్దుకుపోవచ్చు, మూడు దండగ. ఆ మూడూ కణజాలం కుళ్లిపోయో, గాజు పగిలిపోయో దండగ కాలేదు. రెండింటికి వేయాల్సిన స్టెయిన్ (కణజాలం కనపడేలా వేసే రంగు) వేయలేదు, మూడోదానికి వేసింది అదుపు తప్పింది. కనెక్టివ్ టిష్యూ (శరీర భాగాలను కలిపి పట్టి ఉంచే సంయోజక కణజాలం) స్లయిడ్లు కొనేటప్పుడు మనం డబ్బు పెట్టేది కణజాలానికి కాదు, స్టెయిన్‌కి. ఆ లెక్కలోనే ఈ పెట్టెను చూడాలి.

ల్యాబ్ సామాను అమ్మే సైట్లలో దొరికే మామూలు సెట్టు ఇది. ప్లాస్టిక్ పెట్టె, లోపల గాడులు, మూతకి పల్చటి స్పాంజి. తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. లేబుళ్ల మీద కణజాలం పేరు, పక్కన టీఎస్ (అడ్డకోత), ఎల్‌ఎస్ (నిలువు కోత), డబ్ల్యూఎం (కోయకుండా పరిచినది) అన్న అక్షరాలు, అంతే. ఏ జంతువుదో, ఏ స్టెయినో ఒక్కదాని మీదా రాయలేదు. తెలిసినవాళ్లు రంగు చూసి పోల్చుకుంటారు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలకీ, బీఎస్సీ జువాలజీ వాళ్లకీ ఆ సంగతి ఎవరు చెప్పాలి?

లోపల ఉన్నవి వరసగా ఇవి: 1 ఏరియోలార్ టిష్యూ (వదులు కనెక్టివ్ టిష్యూ), 2 మాస్ట్ కణాలు, 3 టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ) నిలువు కోత, 4 టెండన్ అడ్డకోత, 5 చర్మం, 6 లిగమెంటం నూకే, 7 అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని), 8 లింఫ్ నోడ్, 9 కొవ్వు కణజాలం, 10 బొడ్డుతాడు, 11 చిన్నపేగు, 12 మాక్రోఫేజ్ (బయటి పదార్థాలను మింగే కణం). మృదులాస్థి, ఎముక, రక్తం ఇందులో లేవు. ఎంబీబీఎస్ సిలబస్‌లో కనెక్టివ్ టిష్యూ అనాటమీలో ఏఎన్ 66 అనే అంశం కింద, ఎముక, మృదులాస్థి ఏఎన్ 71 కింద విడివిడిగా ఉంటాయి కాబట్టి దాన్ని లోటుగా పట్టించుకోనక్కర్లేదు.

స్టెయిన్ సంగతి ఒక్క ముక్కలో చెప్పుకుని లోపలికి పోదాం. సంయోజక కణజాలంలో ఫైబర్లు మూడు రకాలు: కొల్లాజన్, ఎలాస్టిక్, రెటిక్యులార్. అందరూ వాడే హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) స్టెయిన్‌లో కొల్లాజన్ గులాబీ రంగులో బాగానే కనిపిస్తుంది. ఎలాస్టిక్ కూడా గులాబీయే, కాబట్టి అందులో కలిసిపోతుంది. రెటిక్యులార్ ఫైబర్లు అసలు విడిగా తెలియవు. ఎలాస్టిక్ కనపడాలంటే వర్హాఫ్, ఆర్సీన్, రిసార్సిన్ ఫుక్సిన్, ఆల్డిహైడ్ ఫుక్సిన్‌లలో ఏదో ఒకటి వేయాలి. రెటిక్యులార్‌కి సిల్వర్. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, హెచ్ అండ్ ఈ వేసి 'ఎలాస్టిక్ టిష్యూ' అని లేబుల్ అంటించిన స్లయిడ్‌లో కనపడే ఎలాస్టిక్ అంతే. ఈ పెట్టెలో ఆరో నంబరు సరిగ్గా అలాంటిది.

మొదటి నంబరు మాత్రం పెట్టెకే అందం. బహుశా ఎలుకది కావచ్చు, పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొర, మెసెంటరీని కోయకుండా గాజు మీద పరిచి స్టెయిన్ చేసింది. 10ఎక్స్ లెన్సులో చూస్తే లేత గులాబీ పాయలు అడ్డదిడ్డంగా పరుచుకుని ఉంటాయి. అప్పుడే విప్పిన జడ పాయల్లా వంకీలు తిరిగి ఉండేవి కొల్లాజన్ కట్టలు. వాటి మీదుగా సన్నగా, నిటారుగా, ముదురు ఊదా రంగులో గీతలు పోతుంటాయి. అవి ఎలాస్టిక్ ఫైబర్లు. రెంటినీ విడదీసే గుర్తు రంగు కాదు, కొమ్మలు. కొల్లాజన్ కట్ట చీలి పక్క కట్టలో కలవవచ్చు గానీ, విడిగా ఒక్కో కొల్లాజన్ ఫైబర్ కొమ్మలు వేయదు. ఎలాస్టిక్ ఫైబర్ ఒంటరిగా పోతూ వై ఆకారంలో చీలి మరోదానితో కలుస్తుంది. తెగిన చోట కొస సాగదీసి వదిలిన రబ్బరు ముక్కలా చుట్టుకుని ఉంటుంది. ఈ స్లయిడ్‌లో కుడి అంచు దగ్గర అలాంటి కొసలు నాలుగైదు దొరుకుతాయి. 40ఎక్స్‌లో ఫైన్ ఫోకస్ మెల్లగా తిప్పుతూ చూడండి. ఇది కోత కాదు, మందం ఉన్న పొర కాబట్టి ఒక లోతులో కొల్లాజన్, ఇంకో లోతులో ఎలాస్టిక్ తేలతాయి. మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు నెట్లో ఉచితంగా పెట్టిన హిస్టాలజీ స్లయిడ్ల లాంటివి ఎంత బాగున్నా, చేత్తో ఫోకస్ తిప్పి ఇలా లోతు చూడటం స్క్రీన్ మీద మామూలుగా కుదరదు. నిజం స్లయిడ్ కొనడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం.

ఇందులో కణాల దగ్గరే పిల్లలు తికమకపడతారు. పుస్తకంలో ఫైబర్లను తయారుచేసే కణం ఫైబ్రోబ్లాస్ట్‌ని కొమ్మలున్న కదురులా గీస్తారు. స్లయిడ్‌లో కొమ్మలూ కదురూ కనపడవు. దాని సైటోప్లాజం చుట్టూ ఉన్న కొల్లాజన్ రంగులో కలిసిపోతుంది, మిగిలేది కేంద్రకం ఒక్కటే. పాలిపోయి, కోడిగుడ్డు ఆకారంలో, లోపల చుక్కలాంటి న్యూక్లియోలస్‌తో ఉంటే ఫైబ్రోబ్లాస్ట్ అనుకోండి. సన్నగా, ముదురుగా, గీతలా ఉంటే పని తగ్గించుకున్న ఫైబ్రోసైట్. కణం మొత్తం కనపడలేదని స్లయిడ్ మీద తప్పు పెట్టకండి.

రెండో నంబరు కూడా మెసెంటరీయే, టొలుయిడిన్ బ్లూ వేసింది. సన్నటి రక్తనాళాల వెంబడి నేరేడుపండు రంగు ముద్దలు వరసగా కూర్చుని ఉంటాయి. 40ఎక్స్‌లో ఆ ముద్ద ఆవాలు కుక్కిన సంచిలా తెలుస్తుంది. ఆ ఆవగింజలే హెపారిన్, హిస్టమిన్ నింపుకున్న రేణువులు. నీలం రంగు వేస్తే ఊదా రంగు తేలడానికి కారణం హెపారిన్‌లోని సల్ఫేట్ గుంపులు. వాటి మీద రంగు అణువులు దగ్గరదగ్గరగా పేరుకుని రంగే మారిపోతుంది. దీన్నే మెటాక్రొమేసియా అంటారు. స్టెయిన్ చేశాక ఆల్కహాల్‌లో ఎక్కువసేపు ఉంచితే ఈ ఊదా పోయి వట్టి నీలం మిగులుతుంది. అప్పుడు మాస్ట్ కణానికీ పక్క కణానికీ తేడా తెలియదు. ఈ స్లయిడ్‌లో ఊదా నిలిచింది, చేసినవాళ్లకి చెయ్యి తిరిగిందన్నమాట. ఒక చోట పొర మడత పడి నల్లటి చార కనిపిస్తుంది. దాని జోలికి పోకుండా స్లయిడ్‌ని పక్కకు జరుపుకుంటే సరి.

టెండన్ రెండింటిలో అడ్డకోత బాగుంది. గులాబీ రంగు గుండ్రటి కట్టలు, వాటి సందుల్లో నక్షత్రాల్లా నొక్కుకుపోయిన కేంద్రకాలు. నిలువు కోత దగ్గరే చిక్కు. టెండన్ గట్టిది కాబట్టి పారఫిన్ మైనంలో బిగిసి, మైక్రోటోమ్ (పల్చటి ముక్కలు కోసే యంత్రం) బ్లేడు కింద విరుగుతుంది. ఈ స్లయిడ్‌లో ఫైబర్లకు అడ్డంగా తెల్లటి పగుళ్లు కిటికీ పట్టీల్లా వరసగా పడ్డాయి. చూసేవాళ్లు అవేవో నిర్మాణాలనుకుని బొమ్మ గీసే ప్రమాదం ఉంది. బ్లాకును కోసే ముందు ఐసు మీద తడిపి పెట్టి, పదునైన కొత్త బ్లేడు వాడితే ఈ పగుళ్లు చాలావరకు తగ్గుతాయి. ఇక్కడ ఆ ఓపిక చూపలేదు.

పగుళ్లను పక్కనపెడితే, ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్‌గా ఇచ్చే స్లయిడ్లలో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. టెండన్, నునుపు కండరం, నరం నిలువుగా కోస్తే మూడూ గులాబీ చారలే. కేంద్రకం ఎక్కడుందో చూడండి. టెండన్‌లో కేంద్రకాలు ఫైబర్ల మధ్య సందుల్లో, గీతలు గీసినట్టు వరసగా, చదునుగా, నల్లగా ఉంటాయి. నునుపు కండరంలో కేంద్రకం చుట్ట ఆకారంలో కణం లోపలే ఉంటుంది, కణం ముడుచుకుని ఉంటే కార్క్‌స్క్రూలా మెలి తిరుగుతుంది. నరంలో చారలు ఎక్కువ వంకీలు తిరుగుతాయి, మైలీన్ కరిగిపోయిన చోట బుడగల్లా ఖాళీలు ఉంటాయి. మాసన్ ట్రైక్రోమ్ వేసిన టెండన్ స్లయిడ్ ఒకటి పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు: అందులో కొల్లాజన్ నీలం, కండరం ఎరుపు. పెట్టెలో ట్రైక్రోమ్ ఒక్కటంటే ఒక్కటి లేకపోవడం పెద్ద లోటు. చర్మం స్లయిడ్ హెచ్ అండ్ ఈలోనే ఉన్నా, డెర్మిస్ లోతుపొరలో లావు కట్టలు అన్ని దిక్కులా అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా కోసుకుపోవడం చక్కగా కనిపిస్తుంది. పై పొరలో, ఎపిడెర్మిస్ కిందనే, సన్నటి పీచుతో వదులుగా ఉన్న భాగాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి చూపించడానికి ఇది మంచి స్లయిడ్.

ఇప్పుడు ఆరో నంబరు. పశువుల మెడ పైభాగంలో తల బరువు మోసే లిగమెంట్ ఇది. నిండా ఎలాస్టిక్ ఫైబర్లే ఉంటాయి, అందుకే సెట్లలో పెడతారు. కానీ ఇక్కడ హెచ్ అండ్ ఈ వేశారు. లావైన గులాబీ కడ్డీలు తప్ప ఏమీ తెలియదు. పక్కన టెండన్ పెడితే ఏది ఏదో చెప్పమంటే అనుభవం ఉన్నవాళ్లే ఒక క్షణం ఆగుతారు. పారేయాల్సిన పని లేదు గానీ రెండు చిట్కాలున్నాయి. మొదటిది, స్లయిడ్ కింద కాంతిని కేంద్రీకరించే కండెన్సర్‌ని కాస్త కిందికి దించి, వెలుతురు రంధ్రాన్ని చిన్నది చేసే ఐరిస్‌ని మూయండి. ఎలాస్టిక్ ఫైబర్లు గాజు కడ్డీల్లా మెరుస్తాయి, కొల్లాజన్ అంతగా మెరవదు. రెండోది ఇంకా నమ్మకమైనది. పోలరాయిడ్ షీటు ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి మైక్రోస్కోప్ అడుగున లైటు మీద పెట్టండి. రెండోది ఐపీస్ మీద పట్టుకుని, స్లయిడ్ లేకుండా, వెలుగు చీకటయ్యేదాకా తిప్పండి. ఇప్పుడు టెండన్ స్లయిడ్ పెడితే చీకట్లో కొల్లాజన్ తెల్లగా వెలుగుతుంది. దాని అణువులు వరసగా పేర్చుకుని ఉండటం వల్ల కాంతిని అలా విరుస్తాయి. అదే లిగమెంటం నూకే పెడితే కడ్డీలు దాదాపు చీకటిగానే ఉండి, వాటి మధ్య ఉన్న కొద్దిపాటి కొల్లాజన్ మాత్రం పల్చగా మెరుస్తుంది. స్లయిడ్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ చూడాలి, ఒక కోణంలో కొల్లాజన్ కూడా ఆరిపోతుంది.

ఏడో నంబరు అయోర్టా ఎలాస్టిక్ పరువు నిలబెట్టింది. వర్హాఫ్ వాన్ గీసన్ స్టెయిన్: ఎలాస్టిక్ నలుపు, కొల్లాజన్ ఎరుపు, కండరం పసుపు. ధమని గోడ మధ్యపొరలో నల్లటి పొరలు అలలు అలలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఈ స్టెయిన్‌లో కిటుకంతా ఒక్క మెట్టులోనే ఉంది. ముందు ముక్కంతా నల్లబడేదాకా స్టెయిన్ చేసి, తర్వాత 2 శాతం ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి తీస్తూ అక్కర్లేని నలుపును వదిలిస్తారు. ఒక్క క్షణం తక్కువైతే అంతా బొగ్గు, ఎక్కువైతే సన్న ఫైబర్లు మాయం. పైన వేసే వాన్ గీసన్‌లోని పిక్రిక్ ఆమ్లం కూడా ఇంకాస్త నలుపు లాగేస్తుంది కాబట్టి ఒక అడుగు ముందే ఆపాలి. ఇక్కడ మధ్యపొర చక్కగా కుదిరింది. బయటి పొర దగ్గర సన్న ఫైబర్లు కొన్ని పోయినట్టున్నాయి, అది పెద్ద తప్పు కాదు. ఒక జాగ్రత్త: వాన్ గీసన్‌లోని ఎరుపు వెలుతురుకి వెలిసిపోతుంది. ఈ స్లయిడ్ కిటికీ పక్కన బల్ల మీద వదిలేయకండి.

ఎనిమిదో నంబరు లింఫ్ నోడ్‌కి సిల్వరే వేశారు, కానీ మసిపూసి మారేడుకాయ చేశారు. రెటిక్యులార్ ఫైబర్లు వెండిని పట్టుకుంటాయి, అందుకే వాటికి ఆర్జిరోఫిలిక్ అని పేరు. మంచి స్లయిడ్‌లో మసి పట్టిన సాలెగూడులా సన్నటి నల్లటి వల, గళ్లలో పాలిపోయిన కణాలు కనపడాలి. ఇందులో కేంద్రకాలు కూడా నల్లబడ్డాయి, పైగా ముక్కంతా నల్లటి నలుసులు. ఆ నలుసులు కణజాలంలోవా, వెండి మడ్డా అన్నది తేల్చుకోవడం తేలిక. కణజాలం లేని ఖాళీ గాజు మీదికి స్లయిడ్ జరపండి, అక్కడ కూడా నలుసులుంటే మడ్డే. ఫైన్ ఫోకస్ తిప్పితే అవి కణజాలం కంటే పై లోతులో స్పష్టమవుతాయి. గాజు సామాను శుభ్రంగా లేకపోయినా, అమ్మోనియా సిల్వర్ ద్రావణం నిలవదైనా, మధ్యలో కడగడం సరిగ్గా జరక్కపోయినా ఇలాగే అవుతుంది. చివర్లో గోల్డ్ క్లోరైడ్‌తో టోనింగ్ (రంగు సవరించడం) చేసి, హైపో (సోడియం థయోసల్ఫేట్)లో ముంచి మిగిలిన వెండిని తీసేయాలి. ఇక్కడ వెనకరంగు ఇంకా పసుపు గోధుమగా ఉందంటే టోనింగ్ మానేసినట్టే అనిపిస్తోంది. ఈ ఒక్క స్లయిడ్ మాత్రం విడిగా, వేరే చోట కొనుక్కోండి. హెచ్ అండ్ ఈ కంటే ఖరీదెక్కువే, అయినా తప్పదు.

కొవ్వు స్లయిడ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, బాగుంది. కణాలు ఖాళీగా ఉన్నాయని బెంగపడొద్దు. ప్రాసెసింగ్‌లో ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి. మిగిలేది పల్చటి అంచు, పక్కకు నెట్టుకుపోయిన కేంద్రకం, రాయి పొదిగిన ఉంగరంలా. ఐపీస్ ఫీల్డ్ నంబరు (ఐపీస్ మీద రాసి ఉండే సంఖ్య) 18 అయితే 40ఎక్స్‌లో కనపడే వలయం వెడల్పు 450 మైక్రాన్లు. తెల్ల కొవ్వు కణం 50 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి వలయానికి అడ్డంగా నాలుగైదు కణాలు పడితే లెక్క సరిపోయినట్టు. సూడాన్ రంగుతో కొవ్వును ఎర్రగా చూపించే స్లయిడ్లు కూడా కొందరు అమ్ముతారు. అవి ఫ్రోజెన్ ముక్కలు, గ్లిజరిన్ జెల్లీలో అతికిస్తారు. చూడ్డానికి అందంగా ఉంటాయి, ఏళ్ల తరబడి నిలవవు.

బొడ్డుతాడు హెచ్ అండ్ ఈలో వెలవెలబోతుంది. వార్టన్ జెల్లీలో అసలు సరుకు హయలురోనిక్ ఆమ్లం లాంటి గ్లైకోసమినోగ్లైకాన్లు, వాటిని చూపించాలంటే ఆల్షియన్ బ్లూ వేయాలి. రెండు ధమనులు, ఒక సిర లెక్కపెట్టడానికి మాత్రం ఇదే చాలు. చిన్నపేగు స్లయిడ్‌లో విల్లస్ (పేగు లోపలి గోడ మీది వేలులాంటి భాగం) లోపలి వదులు కణజాలంలో ప్లాస్మా కణాలు దండిగా ఉన్నాయి: కేంద్రకం ఒక పక్కకి, లోపల బండిచక్రం ఆకుల్లా క్రొమాటిన్, కేంద్రకం పక్కనే గాల్జీ ఉన్న చోట చిన్న తెల్లమచ్చ. అయితే ముక్క మందంగా కోశారు. మామూలుగా కోయాల్సింది 5 మైక్రాన్లు. ఇందులో కణాలు ఒకదాని మీద ఒకటి పడి, చక్రం స్పష్టంగా ఉన్న కణం కోసం వెతుక్కోవాల్సి వస్తోంది.

పన్నెండోదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. మాక్రోఫేజ్ అని రాసి హెచ్ అండ్ ఈ వేసిన కాలేయం ముక్క పెట్టారు. కాలేయంలో కుప్ఫర్ కణాలు (అక్కడి మాక్రోఫేజ్‌లు) ఉన్న మాట నిజమే, కానీ ఏమీ మింగని మాక్రోఫేజ్‌ని ఆ స్టెయిన్‌లో వేలు పెట్టి చూపించడం ఎవరి తరం కాదు. ట్రిపాన్ బ్లూనో ఇండియా ఇంకునో ముందే జంతువుకి ఎక్కించి, అవి మింగేశాక తీసిన ముక్క కావాలి. అది దొరక్కపోతే నల్లటి మసి మింగిన కణాలున్న ఊపిరితిత్తి స్లయిడ్ అడగండి.

గాజు పని విషయానికొస్తే, మౌంట్ చేసింది (కవర్ గాజు అతికించింది) డీపీఎక్స్ అనే జిగురుతో, బుడగలు లేవు. కానీ 3, 11 నంబర్లలో అది అవసరానికి మించి పోశారు. 40ఎక్స్ లెన్సు కవర్ గాజుకి చాలా దగ్గరగా వస్తుంది. 0.17 మిల్లీమీటర్ల కవర్ గాజుకి లెక్కకట్టి చేసిన లెన్సు అది, ఆ సంఖ్య లెన్సు మీదే చెక్కి ఉంటుంది. మధ్యలో డీపీఎక్స్ మందమైతే బొమ్మ పొగమంచులో చూసినట్టు ఉంటుంది. ఆ తప్పు స్లయిడ్ మీద వేసే ముందు దాన్ని తిరగేసి పెట్టలేదు కదా అని ఒకసారి చూసుకోండి. 10ఎక్స్‌లో బాగా కనపడి 40ఎక్స్‌లో ఎంత తిప్పినా దొరకడం లేదంటే చాలాసార్లు జరిగేది అదే. ఆయిల్ ఇమర్షన్ వాడాక లెన్స్ పేపర్‌తో ఒత్తి తుడవండి. జైలీన్ ఒక చుక్కకి మించి వాడితే కవర్ గాజు అంచున డీపీఎక్స్ కరిగి గాలి లోపలికి దూరుతుంది.

వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, స్లయిడ్ల మీద బూజు పట్టడం మామూలే. పెట్టెలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి బీరువాలో పెట్టండి. లేబుళ్ల జిగురు నాసిరకం, రెండు అప్పుడే ఊడాయి. డైమండ్ పెన్సిల్‌తో గాజు మూల మీదే నంబరు గీసేసి, స్టెయిన్ పేరు రాసిన కాగితం మూత లోపల అంటించుకోండి: 1 ఎలాస్టిక్ స్టెయిన్, ఇయోసిన్; 2 టొలుయిడిన్ బ్లూ; 7 వర్హాఫ్; 8 సిల్వర్; మిగతావన్నీ హెచ్ అండ్ ఈ.

ఆర్డర్ పెట్టే ముందు అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. లిగమెంటం నూకేకి ఏ స్టెయిన్ వేశారు? లింఫ్ నోడ్‌కి టోనింగ్ చేశారా? జవాబు చెప్పలేకపోతే 1, 2, 7 నంబర్లను విడిగా అమ్ముతారేమో కనుక్కోండి, మిగతావాటిలో చాలావరకు ఏ కాలేజీ ల్యాబులోనైనా ఉంటాయి. పెట్టె మొత్తం కొన్నారంటే మాత్రం, వాపసు గడువు దాటకముందే ఎనిమిదో నంబరును మైక్రోస్కోప్ కింద పెట్టి, కణజాలం పక్కనున్న ఖాళీ గాజు చూడండి.